బాలింత జ్వరం విధివ్రాత కాదు

కరవు భత్యం, బోనస్, ఖాళీల భర్తీ, పని గంటలు, పింఛను - ఈ సంపాదకీయ స్థలంలో సాధారణంగా చర్చకు వచ్చే విషయాలు ఇవి. ప్రసవానంతరం తల్లులకు సోకే వ్యాధులను గురించి ఇక్కడ వ్రాయడం చూచి కొందరు సోదరులు ఆశ్చర్యపడవచ్చు. ఇది డాక్టర్లకు సంబంధించిన విషయమనీ, ఇంటిలో ఆడవారు చూచుకొనే సంగతి అనీ, కార్మికోద్యమానికి దీనితో పనేమిటనీ అడుగవచ్చు.

మా అభిప్రాయాన్ని మొదటనే స్పష్టంగా చెబుతున్నాము. బాలింత జ్వరం చాలవరకు నివారించదగినది. అది తల్లి నుదుటి వ్రాత కాదు. ఆమె పథ్యం తప్పినందువలన వచ్చేదీ కాదు. శుభ్రమైన చేతులు, ధారాళమైన నీరు, చాలినంతమంది నర్సులు, ప్రసవం తరువాత తగినంత విశ్రాంతి - ఈ నాలుగూ ఉన్నచోట అది తగ్గినది. లేనిచోట తల్లులను బలిగొన్నది. ఈ నాలుగూ శ్రామిక కుటుంబాలకు వాటంతటవి లభించేవి కావు. అడిగి, పట్టుబట్టి సాధించుకోవలసినవి. కనుకనే ఇది మన సంఘాల సమస్య.

మొదట ఈ వ్యాధి స్వరూపాన్ని తెలుసుకొందాము. మాయ విడిపోయిన తరువాత గర్భసంచి లోపలి భాగం ఒక పెద్ద పచ్చిపుండు వలె ఉంటుంది. కుట్లు వేసినచోట, ఆపరేషన్ జరిగితే కడుపు మీద, మరొక గాయం ఉంటుంది. పరీక్షించిన చేతుల నుండి, సరిగా శుద్ధి చేయని పరికరాల నుండి, పడకల నుండి, కొన్ని సందర్భాలలో తల్లి శరీరం నుండే స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్, ఈ-కోలై వంటి సూక్ష్మజీవులు ఆ గాయాలలో ప్రవేశిస్తాయి. విషం రక్తంలో వ్యాపించినదంటే గంటల వ్యవధిలోనే ప్రాణాపాయం ఏర్పడవచ్చు. ప్రసవమైన నాటి నుండి 42 రోజుల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. మొదటి పది రోజులు మరింత జాగ్రత్త అవసరం.

ఈ వ్యాధి చేతుల ద్వారా వ్యాపిస్తుందని పెద్దలు ఒప్పుకోవడానికి చాల కాలం పట్టినది. 1795లో స్కాట్లండులోని అబర్డీన్ నగర వైద్యుడు అలెగ్జాండర్ గోర్డన్, ఏ ఇంటిలో ఎవరు పురుడు పోసినారో పట్టిక వేసి, జ్వరపు ఇంటి నుండి వచ్చిన మంత్రసానులూ వైద్యులూ వెళ్ళినచోటనే మళ్ళీ జ్వరం వచ్చినదని నిరూపించినాడు. ఆ వ్యాధిని మోసినవారిలో తానూ ఒకడినని దాచకుండా ఒప్పుకొన్నాడు. 1843లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఆలివర్ వెండెల్ హోమ్స్ కూడ ఈ జ్వరం వైద్యుల ద్వారా అంటుకొంటుందని వ్రాసినాడు. ఫిలడెల్ఫియా నగరపు ఆచార్యుడు చార్లెస్ మీగ్స్ దానిని ఎద్దేవా చేసినాడు. వైద్యులు పెద్దమనుషులనీ, పెద్దమనుషుల చేతులు శుభ్రంగానే ఉంటాయనీ ఆయన వాదం.

తరువాత వియన్నా నగరపు ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగినది ప్రతి శ్రామికుడూ తెలుసుకోదగినది. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటి దానిలో వైద్య విద్యార్థులు, రెండవ దానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. రోజు మార్చి రోజు ఒక్కొక్క విభాగంలో చేర్చుకొనేవారు. అక్కడకు వచ్చేవారు ప్రధానంగా పేద స్త్రీలు. 1846లో మొదటి విభాగంలో 4,010 ప్రసవాలకు 459 మంది తల్లులు మరణించినారు. రెండవ విభాగంలో 3,754 ప్రసవాలకు 105 మంది మరణించినారు. అనగా ఒకచోట నూటికి 11 మందికి పైగా, రెండవచోట ముగ్గురి లోపు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. తమను మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు కాళ్ళావేళ్ళా పడి బ్రతిమాలుకొనేవారు.

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు ఈ తేడాకు కారణం వెదికినాడు. 1847 మార్చిలో ఆయన మిత్రుడు కొల్లెచ్కా, శవపరీక్ష సమయంలో కత్తి గాటుపడి మరణించినాడు. ఆయన శరీరంలో కనిపించిన లక్షణాలు బాలింత జ్వరంతో మరణించినవారి లక్షణాలే. అప్పుడు సత్యం బోధపడినది. వైద్య విద్యార్థులు శవాల గది నుండి నేరుగా ప్రసవాల గదికి వచ్చేవారు. మృత్యువు వారి చేతుల మీదనే వచ్చినది. ఆ ఏడు మే నెల నుండి ప్రతివారూ క్లోరినేటెడ్ సున్నపు నీటిలో చేతులు కడుగుకొనవలెనని ఆయన కట్టడి చేసినాడు. 1848లో ఆ మొదటి విభాగంలోనే 3,556 ప్రసవాలకు మరణాలు 45 మాత్రమే. కొత్త భవనం కట్టలేదు, కొత్త మందు కనిపెట్టలేదు. కావలసి వచ్చినది ఒక తొట్టి, కొంత సున్నపు నీరు, ఒక నియమం.

దానికి ఆయనకు దక్కిన ప్రతిఫలం ఏమిటి? తమ చేతులతోనే తల్లులు మరణించినారన్న మాట పై అధికారులకు, ఆచార్యులకు రుచించలేదు. 1849లో ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. 1865లో, 47 ఏండ్ల వయస్సులో, ఆయన ఒక పిచ్చాసుపత్రిలో మరణించినాడు. 1879లో లూయీ పాశ్చర్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని చూపించిన తరువాత వాదానికి తావు లేకపోయినది. తరువాత 1930 దశకంలో సల్ఫా మందులు, 1940 దశకంలో పెనిసిలిన్ వచ్చి లక్షలాది తల్లుల ప్రాణాలు నిలిపినవి.

ఈ చరిత్రను మేము వైద్య విజ్ఞానం కోసం మాత్రమే చెప్పలేదు. తప్పు తల్లిది కాదనీ, ఆసుపత్రి నడిచే తీరులో ఉన్నదనీ వియన్నా లెక్కలు రుజువు చేసినవి. లెక్క వ్రాసి బయట పెట్టినందువలననే తేడా కనిపించినది. అధికారంలో ఉన్నవారు తమ చేతులను తాము పరీక్షించుకోవడానికి ఒప్పుకోనంత కాలం మరణాలు ఆగలేదు. ఈ మూడు సంగతులూ నేటికీ వర్తిస్తాయి.

మన దేశం సంగతికి వద్దాము. ప్రసవ సంబంధమైన మరణాలు గణనీయంగా తగ్గిన మాట నిజం. నమూనా రిజిస్ట్రేషన్ లెక్కల ప్రకారం 2001-03లో లక్ష సజీవ జననాలకు 301 మంది తల్లులు మరణించగా, 2019-21 నాటికి ఆ సంఖ్య 93కు దిగినది. 2001-03 సర్వేలో, మరణాలలో నూటికి 11 సూక్ష్మజీవుల వలన రక్తం విషపూరితమై జరిగినవే. అధిక రక్తస్రావం తరువాత స్పష్టంగా పేర్కొన్న కారణాలలో అదే పెద్దది.

2005-06లో నూటికి 39 ప్రసవాలు మాత్రమే ఆసుపత్రులలో జరిగేవి. 2019-21 నాటికి 89 వరకు అక్కడనే జరుగుతున్నవి. ఇది గొప్ప మార్పు. అయితే ప్రమాదం రూపు మార్చుకొన్నది. సహజ ప్రసవం కంటె ఆపరేషన్ కాన్పులో గర్భసంచికీ, గాయానికీ సూక్ష్మజీవులు సోకే ప్రమాదం అనేక రెట్లు ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో దేశం మొత్తం మీద నూటికి 21 ప్రసవాలు ఆపరేషన్ ద్వారా జరిగినవి. ఆంధ్రప్రదేశ్‌లో అది 42, తెలంగాణలో 60. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో 81. తల్లి ప్రాణం నిలుపుటకు అవసరమైన ఆపరేషన్‌ను ఎవరూ తప్పుపట్టరు. అవసరం లేని కోతకు మాత్రం ఖర్చూ తల్లిదే, జ్వరమూ తల్లిదే.

కొత్త మందులు లేకపోలేదు. ఏడు దేశాలలో సుమారు 29,000 మంది గర్భిణులపై జరిగి, 2023లో ప్రచురితమైన పరిశోధనలో మన బెళగావి, నాగపూర్ కూడ పాల్గొన్నవి. ప్రసవ సమయంలో ఒక్కసారి ఇచ్చిన అజిత్రోమైసిన్ మోతాదు, తల్లికి రక్తం విషపూరితమయ్యే లేదా మరణించే ప్రమాదాన్ని నూటికి 2.4 నుండి 1.6కు తగ్గించినది. ఇది సంతోషకరమే. కాని మందు ఉన్నది గదా అని చేతులు కడుగుట మానిన రోజున, ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులే మన వార్డులను ఏలుతాయి.

మన రెండు శాఖల ఉద్యోగుల ఇళ్ళలో ఏమి జరుగుతున్నదో చూడండి. ట్రాక్‌మన్ భార్య తొలి కాన్పుకు పుట్టింటికి వెళుతుంది. రైల్వే ఆసుపత్రి డివిజన్ కేంద్రంలో ఉంటుంది. పుట్టిల్లు నూరు మైళ్ళ దూరంలో ఉంటుంది. ఆర్‌ఎంఎస్ సోదరుడు రాత్రి డ్యూటీలో ఉండగా ఇంటి వద్ద జ్వరం మొదలవుతుంది. సంతకంపై అప్పగించవలసిన ఉత్తరం ఒక చేతి నుండి మరొక చేతికి మారినప్పుడల్లా మనం నమోదు చేస్తాము. అది ఎక్కడ ఆగినదో చెప్పగలుగుతాము. ఆసుపత్రి గడప దాటిన బాలింతను ఎవరు ఎవరికి అప్పగించినారు? ఆసుపత్రిలో ప్రసవమైన తల్లీబిడ్డలను 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడవలెనని ప్రభుత్వ నియమం ఉన్నది. మన కాలనీలలో ఇది జరుగుతున్నదా అని శాఖా సంఘాలు విచారించవలసి యున్నది.

పొరుగున శ్రీలంకను చూడండి. 1926లో కలుతరలో ఆరోగ్య కేంద్రం ప్రారంభమైన నాటి నుండి అక్కడ ప్రభుత్వ మంత్రసానులు ఇంటింటికి వెళ్ళే పద్ధతి పెరిగినది. ఉచిత వైద్యం, తల్లి మరణించిన ప్రతి సందర్భంలోనూ విచారణ దీనికి తోడైనవి. పద్ధతిగా పనిచేసి వారు తల్లుల మరణాలను తగ్గించుకొన్నారు. మన దేశంలోనూ 2010లో మాతృ మరణాల సమీక్షకు మార్గదర్శకాలు వచ్చినవి. బండి పట్టాలు తప్పితే విచారణ లేకుండా వదలము. తల్లి మరణించినప్పుడూ విచారణ జరుగవలెను. అది నర్సు మీదనో ఆయా మీదనో నేరం మోపుటకు కాదు. మళ్ళీ జరుగకుండా చూచుటకు.

కనుక సంఘాలు ఈ డిమాండ్లను ముందుకు తేవలెనని మేము కోరుతున్నాము. రైల్వే ఆసుపత్రుల ప్రసూతి వార్డులలో నర్సుల ఖాళీలను నింపవలెను. ప్రతి వార్డులో నిరంతరం నీరు, సబ్బు, పనిచేసే ఆటోక్లేవు ఉండవలెను. ప్రసవాలు ఎన్ని, ఆపరేషన్లు ఎన్ని, బాలింతలకు వ్యాధి సోకినది ఎందరికి అన్న లెక్కలను కార్మిక ప్రతినిధులకు చూపవలెను. పుట్టింట ప్రసవించిన భార్యకు జ్వరం వచ్చి దగ్గరి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ఆ బిల్లులను కొర్రీలు వేయకుండా చెల్లించవలెను. గ్రామీణ డాక్ సేవకులకు శాఖా ఉద్యోగులతో సమానమైన వైద్య సదుపాయం కల్పించవలెను.

విశ్రాంతి విషయం కూడ ఇందులోనిదే. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు ప్రసూతి సెలవు 1997లో 135 రోజులకు, 2008లో 180 రోజులకు పెరిగినది. 2017 సవరణ ద్వారా ఇతర సంస్థల మహిళలకు మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు లభించినవి. కాని దానికి ముందు ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉండవలెనన్న షరతు ఉన్నది. స్టేషన్లను, పెట్టెలను, ఆసుపత్రి వార్డులను ఊడ్చి కడిగే కాంట్రాక్టు సోదరిని, కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త మనిషిగా లెక్క కట్టితే ఆ 80 రోజులు ఎన్నటికి నిండేను? వార్డు శుభ్రంగా ఉండుట ఆమె చేతులలో ఉన్నది; ఆమె హక్కు మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. సేవ తెగనట్లు లెక్కించే హామీ ప్రతి టెండరులోనూ ఉండవలెను.

పురుష సోదరులకు ఒక మాట. 15 రోజుల పితృత్వ సెలవు మన హక్కు. దానిని సాధారణంగా నిరాకరించరాదని నిబంధనలే చెబుతున్నవి. సిబ్బంది కొరత పేరుతో దానిని త్రోసిపుచ్చితే సంఘం దృష్టికి తీసుకొని రండి. ఆ సెలవును బారసాల విందుకు దాచుకోక, తల్లికి ప్రమాదం ఎక్కువగా ఉండే మొదటి రోజులలో వాడుకోండి.

ఇంటిలో ఒక థర్మామీటరు ఉంచుకోండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, వణుకు వచ్చినా, పొత్తికడుపులో నొప్పి పెరిగినా, దుర్వాసనతో స్రావం అవుతున్నా, కుట్ల వద్ద చీము కనిపించినా, రొమ్ము ఎర్రబడి గట్టిపడినా, ఆయాసం గాని మాట తడబాటు గాని కనిపించినా, తెల్లవారేదాకా ఆగరాదు. చెమటపట్టి తగ్గుతుందనీ, పాలు పడే జ్వరమనీ, గాలి సోకినదనీ కాలయాపన చేయరాదు. 108 వాహనాన్ని పిలిచి ఆసుపత్రికి చేర్చండి. ప్రసవమై ఎన్ని రోజులైనదో వెళ్ళగానే చెప్పండి. బాలింతకు మంచినీరు తగ్గించే ఆచారాన్ని మానండి. బాలింతను, బిడ్డను తాకే ముందు ఎవరైనా సరే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. అత్తగారైనా, డాక్టరైనా ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఆడవారి సంగతి అని మౌనం వహించుట వలన నష్టపోయినది ఆడవారే కాదు; తల్లి లేని పిల్లలు, కూలిన కుటుంబాలు మన కాలనీలలోనివే. వచ్చే శాఖా సమావేశాలలో జీతభత్యాల అంశాల ప్రక్కన ఈ అంశాన్ని కూడ చేర్చండి. మహిళా సభ్యులను ముందు మాట్లాడనీయండి. మీ ఆసుపత్రి ప్రసూతి వార్డులో కుళాయి తిప్పితే నీరు వస్తున్నదా అన్న ప్రశ్నతో చర్చను ప్రారంభించండి.