రాకెట్ మోడల్‌లో లైట్లు మన పిల్లోళ్లే వేయాల

కొంచెం పెద్ద పోస్టే. హాస్టళ్లలో చదివే మన పిల్లోళ్ల గురించి కాబట్టి ఓపిగ్గా చదవండి.

మాది సూళ్లూరుపేట దగ్గర ఒక యానాది కాలనీ. ఇప్పుడు తిరుపతిలో చదువుకుంటున్నా. పోయిన ఏడాది మా పిన్ని కొడుకు, తొమ్మిదో తరగతి, వాళ్ల హాస్టల్ తరఫున సైన్స్ ఎగ్జిబిషన్‌కి వస్తే చూడ్డానికి పోయినా. వాడి టేబుల్ మీద ఎల్‌వీఎం3 రాకెట్ మోడల్ మెరిసిపోతా ఉంది. స్విచ్ వేస్తే కింద మూడు చోట్లా ఒకేసారి లైట్లు. బయట డబ్బులిచ్చి చేయించిన మోడల్ అది.

జడ్జిగా వచ్చిన మేడం రెండే ప్రశ్నలు అడిగింది. "రాకెట్ లేచేటప్పుడు మధ్యలో ఉండే ఇంజన్లు కూడా మండుతాయా బాబూ?" వాడు "మండుతాయి మేడం" అన్నాడు. "లోపల వైర్లు ఎట్లా కలిపినావు?" అంటే తల దించుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మెల్లిగా చెప్పినాడు: "అక్కా, నేను దాన్ని పట్టుకున్నా, అంతే."

ఆ మాట నన్ను వదల్లేదు. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ లేచింది 1971 అక్టోబర్ 9న. అంతకుముందు ఆ దీవి అడవిలో దుంపలు, తేనె, మూలికలు ఏరుకుని బతికింది యానాదులే. కేంద్రం వచ్చినాక వాళ్లు చోటు మారాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ తగాదా తీయడానికి చెప్పట్లేదు. 2022లో ఆ దీవి తిరుపతి జిల్లాలోకి వచ్చింది, రాకెట్ ఎగిరేది మన జిల్లా నుంచే. అట్లాంటి చోట మన పిల్లోడు రాకెట్ బొమ్మ పట్టుకుని ఫోటోకి నిలబడేవాడుగా మిగిలిపోతే ఎట్లా?

నేను అనేది ఒకటే. మోడల్ వంకరగా వచ్చినా పర్లేదు, లోపల లైట్లు మాత్రం పిల్లోళ్ల చేత్తోనే వేయించాల. పుస్తకంలో చదివినా తలకెక్కనిది వైరు కలిపేటప్పుడు ఎక్కుతుంది.

సంక్రాంతి సెలవుల్లో వాడూ నేనూ కూర్చుని ఒకటి చేసినాం. అసలు ఎల్‌వీఎం3 ఎత్తు 43.5 మీటర్లు. 50వ వంతు తీసుకుంటే 87 సెంటీమీటర్లు. మధ్య భాగానికి 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, పక్క బూస్టర్లకు 63 మిల్లీమీటర్లది కొలతకు దగ్గరగా సరిపోయినాయి. లైట్ల దగ్గరికి వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. ఈ రాకెట్ లేచేటప్పుడు మండేది పక్కనుండే రెండు ఎస్200 బూస్టర్లే. మధ్యలో ఉండే రెండు వికాస్ ఇంజన్లు అంటుకునేది సుమారు 110 సెకన్ల తర్వాత, అదీ ఆకాశంలో. అంటే బూస్టర్ లైట్లకు ఒక స్విచ్, మధ్య లైట్లకు ఇంకో స్విచ్ ఉండాల. రెండు స్విచ్‌లు ఎందుకో తెలిసినోడు మేడం ప్రశ్నకు జవాబు మర్చిపోడు.

తప్పులు కూడా మాకు బాగానే నేర్పినాయి. మొదట స్టాండుకి మోడల్‌ని గమ్‌తో అతికించినాం. ఊర్లో ఆటో ఎక్కిస్తేనే విరిగిపోయింది. అందుకే స్టాండు ఊడదీసేటట్టు మార్చినాం. బ్యాటరీలు, స్విచ్‌లు స్టాండులో, లైట్లు రాకెట్‌లో. రెండింటినీ కలపడానికి పాత ఇయర్‌ఫోన్ పిన్ను, దానికి సరిపోయే సాకెట్టు వాడినాం. దాంట్లో మూడు కనెక్షన్లు ఉంటాయి: ఒకటి బూస్టర్లకు, ఒకటి మధ్య ఇంజన్లకు, మూడోది రెండింటికీ ఉమ్మడి మైనస్. పిన్ను పెట్టేటప్పుడు, తీసేటప్పుడు ఆ కనెక్షన్లు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి, కాబట్టి ముందు స్విచ్‌లు ఆపాల. బరువు పిన్ను మీద పడకుండా స్టాండుకి ఒక చిన్న పైపు ముక్క బిగించినాం, రాకెట్ దాని మీద కూర్చుంటుంది.

కరెంటు కోసం మొదట పవర్ బ్యాంక్ పెట్టినాం. కాసేపటికే ఆరిపోయింది. ఈ చిన్న లైట్లు లాగే కరెంటు తక్కువ కాబట్టి, ఏమీ తగిలించలేదనుకుని అదే ఆగిపోతుంది. తర్వాత పెన్సిల్ సెల్స్ మూడు పెట్టినాం, 4.5 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు చాలు, మిగిలిన 1.5 రెసిస్టర్ మీద పడాల. 10 మిల్లీ ఆంపియర్లకు లెక్కేస్తే 150 ఓమ్‌లు. పదో తరగతి ఓమ్ నియమం అదే. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రెసిస్టర్, పొడుగు కాలు ప్లస్‌కి. లైటు వేస్తే తెల్ల పైపు మొత్తం ట్యూబ్‌లైట్ లాగా వెలిగింది! విప్పి లోపల నల్ల రంగు కొడితే గానీ వెలుగు కిందికి దిగలేదు.

మీరు అడిగేది నాకు తెలుసు. సార్లకు టైం యాడ ఉంది? పిల్లోళ్ల చేతులు కాలితే? రెడీమేడ్‌కే ప్రైజ్ వస్తుంది కదా? మొదటి రెండూ న్యాయమైన ప్రశ్నలే. అందుకే సార్ల మీద వేయట్లేదు, మన మీదే వేస్తున్నా. సోల్డరింగ్ ఐరన్ వేడిగా ఉంటుంది, పక్కన పెద్దోళ్లు ఉండాల, కిటికీ తెరిచి ఉండాల, పని అయినాక చేతులు కడుక్కోవాల. ఇంట్లో కట్టెల పొయ్యి ముట్టించే మన పిల్లోళ్లకు నిప్పుతో జాగ్రత్త చెబితే అర్థం కాదా? ప్రైజ్ సంగతికి వస్తే, అది ఒక పూట. లెక్కేసి వైరు కలిపే చెయ్యి ఐటీఐకి పోయినా, ఇంజనీరింగ్‌కి పోయినా పనికొస్తుంది.

చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన ఆగస్టు 23 ఇప్పుడు జాతీయ అంతరిక్ష దినోత్సవం. ఆ రోజుకి చాలా స్కూళ్లు రాకెట్ మోడళ్లు పెడతాయి. తిరుపతి, చిత్తూరులో చదివే మనం, యానాదులైనా, ఎరుకలైనా, సుగాలీలైనా, ముగ్గురు నలుగురం కలిసి ఒక్కో హాస్టల్‌కి రెండు ఆదివారాలు పోదాం. ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటర్, ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు చాలు. పైపు ముక్కలు ఇల్లు కట్టే చోట అడిగితే ఇస్తారు. ముందు వార్డెన్‌ని అడిగి ఒప్పించాల, ఆ పని నేను చేస్తా.

మా వాడి మోడల్ ఇప్పుడు రెండు ముక్కలుగా బియ్యం సంచిలో ఉంది. బూస్టర్లలో ఒకటి కొంచెం వంకర. మొన్న కాలనీలో చిన్న పిల్లోళ్లకు స్విచ్ వేసి చూపించినాడు. మధ్య లైటు ఎందుకు వెలగలేదని ఒకడు అడిగితే, "ఆగు, 110 లెక్కపెట్టు" అన్నాడు.

రాగలిగినోళ్లు ఏ ఆదివారం ఖాళీయో చెప్పండి.