ఒక్క మీట చాలదా?

విజ్ఞానశాస్త్రం మనిషి పనిని తేలిక చేయాలి. ఈ మాట సైన్సు విద్యార్థులం అందరం పరీక్షల్లో రాస్తాం, మార్కులూ తెచ్చుకుంటాం. కానీ అది ఎంతవరకు నిజమో తెలియాలంటే, ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పెద్దవాళ్ళని అడగాలి.

మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో టీవీకి ఒక రిమోటు, సెట్ టాప్ బాక్సుకి ఒకటి, స్పీకర్ల పెట్టెకి మరొకటి. వాన కబురు కోసం మా నాన్న టీవీ పెడితే బొమ్మ రాదు. బొమ్మ వస్తే మాట రాదు. బోరు మోటారు స్టార్టరు విప్పి బాగుచేసుకోగల మనిషి, వార్తలు చూడటానికి నేను కాలేజీ నుంచి ఎప్పుడొస్తానా అని ఎదురుచూస్తున్నాడు. మా నాయనమ్మయితే "నాకెందుకురా ఆ గొడవ" అని చూడటమే మానేసింది. చదువు లేక అంటారా? నేనొప్పుకోను. అదే నాయనమ్మ రేడియోని ఎవరి సాయమూ లేకుండా ఏళ్ళ తరబడి విన్నది. దానికి తిప్పేవి రెండే: ఒకటి ధ్వనికి, ఒకటి స్టేషనుకి. లోపం మనిషిలో లేదు, యంత్రాన్ని రూపొందించిన తీరులో ఉంది.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' ప్రయోగం జరిగింది. ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ అందింది. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఆకాశం నుంచి పల్లెకు బొమ్మను దించిన శాస్త్రానికి, పెట్టెకీ పెట్టెకీ మధ్య మూరెడు దూరం అడ్డమైందంటే నవ్వాలా, ఏడవాలా?

అసలు చిక్కు ఎక్కడుంది? రిమోటు మన కంటికి కనబడని పరారుణ కాంతితో సంకేతాలు పంపుతుంది. కొన్ని సెకనుకు 36 వేల సార్లు, కొన్ని 38 వేల సార్లు మినుకుమంటాయి. సంకేత భాష కూడా ఒక్కో కంపెనీది ఒక్కో రకం. ఇందుకు మందు లేకపోలేదు. 2002లో వచ్చిన హెచ్‌డీఎంఐ తీగలోనే, ఒక్క రిమోటుతో అన్ని పెట్టెలనూ నడిపే 'సీఈసీ' అనే ఏర్పాటుంది. కానీ దాన్ని శాంసంగ్ 'ఎనీనెట్ ప్లస్' అంటుంది, ఎల్జీ 'సింప్లింక్' అంటుంది, సోనీ 'బ్రావియా సింక్' అంటుంది. ఒకే వస్తువుకు ఇన్ని పేర్లు పెడితే సామాన్యుడికి అది ఉందనే తెలియదు!

"అన్నీ ఒకే పెట్టెలో పెడితే, ఒకటి చెడితే అన్నీ మూలపడతాయి కదా" అని మిత్రులు కొందరు వాదిస్తారు. నిజమే. నేనడిగేది ఒకే పెట్టె కాదు, ఒకే భాష. పెట్టెలు వేరువేరుగానే ఉండనివ్వండి, చెడినదాన్ని బాగుచేయించుకుంటాం. వాటిని నడిపే మీట మాత్రం ఒక్కటే ఉండాలి. ఇక స్మార్ట్ టీవీ ఉందిగా అనేవారున్నారు. దానికి ఇంటర్నెట్టు కావాలి, పాస్‌వర్డులు కావాలి. రిమోట్లు తగ్గి చిక్కులు పెరిగితే లాభమేమిటి?

ఉపగ్రహ ట్యూనరు లోపలే అమర్చిన టీవీలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 18112 అనే ప్రమాణం ఇచ్చింది. అలాంటి సెట్టుకు డిష్ తీగ నేరుగా తగిలించి, విడిగా బాక్సు లేకుండానే ఉచిత చానళ్ళు చూడవచ్చు. మంచి అడుగే. అయితే ప్రమాణం కాగితం మీద ఉంటే చాలదు, కొత్తగా కొనే ప్రతి సెట్టులోనూ కనబడాలి. ఒకే రిమోటు భాషకు కూడా ఇలాంటి ప్రమాణమే రావాలి.

మిత్రులారా! రేపు ఈ యంత్రాలను తయారుచేసేవారిలో మనవాళ్ళూ ఉంటారు. వారికి నా విన్నపం ఒక్కటే. మీరు చేసిన వస్తువును ముందు డెబ్బయ్యేళ్ళ పల్లెటూరి మనిషి చేతికివ్వండి. ఎవరినీ పిలవకుండా ఆ మనిషి వాడగలిగితేనే దాన్ని బజారుకు పంపండి.