అది పందేనా?

ఎమ్మెస్‌లో ఇమేజ్ ప్రాసెసింగ్ అని ఒక కోర్సు చదివిన పాపానికి, డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళలో ఎవరు ఏ కెమెరా కొనాలన్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. ఈ మధ్య ఆ ఫోన్లన్నీ చేత్తో పట్టుకుని చూసే థర్మల్ మోనాక్యులర్ల మీదికి మళ్ళాయి. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవిపందుల వేటకి లైసెన్సు కూడా అక్కర్లేదు. వారమంతా కోడ్ రాసి శనివారం రాత్రి పందుల మీదికి బయల్దేరే బాపతు మనలోనూ ఉంది. నేనూ ఆ బాపతే, కాబట్టి ఇది అహింసా ప్రబోధం కాదు.

అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, దీని రేంజి 1800 మీటర్లంట, తీసుకోమంటావా?"

నా కోపమంతా ఆ 1800 మీదే. అది పచ్చి అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారు. నిజమే కావడంతోనే వచ్చింది చిక్కు.

లెక్క చూడండి, ఎనిమిదో తరగతి లెక్కే. సెన్సర్ మీద ఒక్కో గడి 12 మైక్రాన్లు, ముందున్న లెన్సు 35 మిల్లీమీటర్లు అనుకుందాం. 100 మీటర్ల దూరంలో ఒక్కో చుక్క 3.4 సెంటీమీటర్ల మేర చూస్తుంది. 1800 మీటర్ల దగ్గర 62 సెంటీమీటర్లు. అంటే ఆరడుగుల మనిషి అక్కడ నిలబడితే నిలువునా మూడు చుక్కలు, అడ్డంగా ఒక్కటి కూడా పూర్తిగా కాదు. "అక్కడేదో వెచ్చగా ఉంది" అని తెలుస్తుంది. డబ్బా మీద రాసే డిటెక్షన్ రేంజి అంటే అంతే.

అమెరికా సైన్యం కోసం జాన్ జాన్సన్ అనే ఆయన 1958లోనే దీనికో కొలత ఇచ్చాడు. ఏదో ఉందని తెలియడానికి వస్తువు అడ్డంగా ఒక జత గీతలు చాలు. ఏ రకమో తెలియాలంటే నాలుగు జతలు. ఫలానా అని చెప్పాలంటే ఆరుకి పైన. జతంటే రెండు చుక్కలు. 70 సెంటీమీటర్ల ఎత్తున్న పందికి ఈ లెక్క కడితే, అదే పరికరంతో ఏ రకమో తెలిసేది సుమారు 250 మీటర్ల దాకా, కచ్చితంగా పందే అని చెప్పగలిగేది సుమారు 150 దాకా. అదీ సగం సార్లే! జాన్సన్ కొలతలన్నీ నూటికి యాభై సార్లు సరిగ్గా చెప్పగలగడానికి కట్టినవి. 1800 కాస్తా 150కి దిగింది.

రెండో భ్రమ 640 సెన్సర్. "384 కంటే 640 క్లారిటీ ఎక్కువ కదన్నా?" అదే గడి, అదే లెన్సు అయితే పంది మీద పడే చుక్కలు రెండింట్లోనూ ఒకటే. పెరిగేది వెడల్పు. 100 మీటర్ల దగ్గర 384లో 13 మీటర్ల చేను కనిపిస్తే, 640లో 22 మీటర్లు కనిపిస్తుంది. మంద ఎటు పోయిందో వెతకడానికి అది పనికొస్తుంది, కాదనను. పందో దూడో తేల్చాలంటే మాత్రం పెద్ద లెన్సు కావాలి, లేదా మీరు దగ్గరికి నడవాలి. డిజిటల్ జూమ్ చేసేది ఉన్న చుక్కల్ని సాగదీయడమే. అంతకంటే ఆ ఎన్.ఇ.టి.డి. అనే అంకె చూడండి, ఎంత తక్కువైతే అంత మంచిది. వాన పడిన రాత్రి గడ్డీ, మట్టీ, చెట్టూ అన్నీ ఒకే వేడికొస్తాయి. అప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే.

మూడోది అసలైన తప్పు. "తుపాకీ మీద థర్మల్ స్కోప్ ఉండగా చేతిలోకి ఇంకోటెందుకు, దండగ" అనడం. స్కోప్‌తో వెతకడం అంటే, కనిపించిన ప్రతి దాని మీదికీ తుపాకీ తిప్పడం. తర్వాత చూసుకుందాంలే అనడానికి అది టెస్ట్ సర్వర్ కాదు.

క్రితం ఏడాది మార్చిలో వేకో దగ్గర ఒక రాంచికి వెళ్ళాం. అప్పుడే మొక్కజొన్న విత్తిన చేను. మాతో వచ్చినాయన దగ్గర స్కోప్ ఒక్కటే. 300 మీటర్లకి పైనే, నీళ్ళ తొట్టి పక్కన తెల్లటి ముద్ద, వంగి మెల్లగా కదులుతోంది. "పందే" అని సేఫ్టీ తీశాడు. నా మోనాక్యులర్‌లో చూస్తే, నిజం చెప్తున్నా, నాకూ పందిలాగే ఉంది. మంద లేకుండా ఒక్కటే ఉందేమిటని అనుమానమొచ్చి ఆగమన్నాను. రెండు నిమిషాల తర్వాత ఆ ముద్ద నడుం పట్టుకుని, రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. రాంచి యజమాని! తొట్టికి నీళ్ళు రావట్లేదని పైపు చూసుకోవడానికి వచ్చాడట.

తిరుగు ప్రయాణంలో డాలస్ దాకా ఎవరం నోరెత్తలేదు.

నాకు మాత్రం దారంతా అనంతపురం జిల్లాలో మా ఊరే కళ్ళ ముందు ఆడింది. చెనిక్కాయ చేలో పందులకని ఎవరో లాగిన కరెంటు తీగ తగిలి, రాత్రి మడవ కట్టడానికి పోయిన మా పక్కచేను ఆయన పోయాడు. ఆ తీగకి తగిలింది ఎవరో తెలీదు, తెలుసుకునే పనీ లేదు. వేల డాలర్లు పోసి కొన్న పరికరం చేతిలో ఉండి, ఎవరో తేల్చుకోకుండా కాలిస్తే మనకీ ఆ తీగకీ తేడా ఏముంది?

"అంతసేపు చూస్తూ కూర్చుంటే పంది పారిపోదా?" అంటారు. పోనివ్వండి. ఈ రాష్ట్రంలో 20 లక్షలకు పైనే ఉన్నాయని అంచనా. రేపు రాత్రి ఇంకోటి వస్తుంది.

కాబట్టి ఈసారి ఫోన్ చేసేవాళ్ళు "ఎంత దూరం కనిపిస్తుంది" అని అడక్కండి. "ఎంత దూరంలో పందో మనిషో తెలుస్తుంది" అని అడగండి. ఒక అంకె చెప్తాను. అది మీకు నచ్చదు. నచ్చకపోయినా, ఆ గీత దాటి ట్రిగ్గర్ మీద వేలు పెట్టేవాళ్ళతో నేను మాత్రం రాను.