జీపు మొదట ఎరుకల వీధికే

పోయిన వారం మా అనంతపురం దిక్కు ఒక చీనీ తోటలో బోరు కేబులు కోసుకుపోయారు. లోపలి రాగి తీగ కోసమే. ఎండాకాలమంతా ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్న రైతుది అది. అతని కడుపుమంట న్యాయమే, దొంగను పట్టుకోవాల్సిందే. నేను అడిగేది వేరే. తెల్లారి ఫిర్యాదు ఇస్తే, పొద్దుగూకేలోపల జీపు రెండూళ్ల అవతల ఉన్న ఎరుకల వీధిలో ఎందుకు నిలబడింది? ఇద్దరు పిల్లగాళ్లను ఎక్కించుకుపోయారు. వాళ్లలో ఒకడు బెంగుళూరులో కట్టుబడి పనికి పోయి, ఆ పొద్దే బస్సు దిగినాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఇద్దరినీ పంపించేశారు. కేసు లేదు, కాగితం లేదు, ఎందుకు పిలిచారో చెప్పిన నాథుడు లేడు.

నేను పోయేటప్పటికి ఆ పిల్లగాని తల్లి వాకిట్లో కూర్చొని ఈత బరిగెలు చీలుస్తా ఉంది. బరిగెను కాలి బొటనవేలి కింద అదిమిపెట్టి, కత్తితో నిలువునా రెండు చేసి, లోపలి బెండు గీకి పక్కన పడేస్తుంది. ఒక గంప అల్లడానికి పూట పడుతుంది. ప్లాస్టిక్ టబ్బులు వచ్చినాక ఆ గంపను అడిగేవాళ్లు తక్కువ. మాట్లాడినంతసేపూ చేతిపని ఆపలేదు. "యాడ ఏం పోయినా మా ఇండ్లకే వస్తారు సామీ. వాళ్లకు ఇంకో దావ తెలీదు" అంది.

ఇదే వారంలో ఆగస్టు 31 వచ్చింది, పోయింది. కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టిన నేరస్త తెగల చట్టం 1952లో ఆ రోజున దేశమంతటా రద్దయింది. దేశంలో చాలాచోట్ల ఆ కులాలవాళ్లు దాన్ని విముక్తి దినంగా జరుపుకుంటారు. మన దగ్గర ఒక ఆఫీసులోగానీ, ఒక బడిలోగానీ దాని ఊసెత్తినవాళ్లు నాకు కనపడలేదు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం మాత్రం తప్పకుండా చేస్తారు. వేదిక మీద థింసా ఆడిస్తారు, మంత్రులు డోలు వాయిస్తారు, ఫొటోలు దిగుతారు. అడవిలో ఉన్న ఆదివాసీకి ఆ ఒక్కరోజైనా దండ పడుతుంది. మన ఊరి చివర ఉన్న ఎరుకలవాడూ షెడ్యూల్డు తెగవాడేనని ఆ సభల్లో ఎవరికీ గుర్తుండదు.

ఈ కులానికి దొంగ అనే ముద్ర ఎట్లా పడిందో మన పిల్లలకు ఏ పాఠంలోనూ చెప్పలేదు. ఎరుకలవాళ్లు ఒకప్పుడు ఉప్పు వర్తకులు. కోస్తా నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తెచ్చి మెట్ట ఊళ్లలో అమ్మి, ధాన్యం పట్టుకుపోయేవాళ్లు. కంపెనీ కాలం నుంచే ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం అయింది. ఆ తర్వాత రైలు వచ్చింది. మన జిల్లా యాడికి మండలంలో రాయలచెరువు మీదుగా పోయే రైలు దారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. బస్తాలన్నీ బండెక్కేసరికి గాడిదలకు పని లేకుండా పోయింది. 1876-78 ధాత కరువులో పశువులు చచ్చాయి. 1882 మద్రాసు అడవుల చట్టం వెదురుకూ, కంపకూ, మేతకూ కట్లు వేసింది. ఇన్ని దెబ్బలు తిని దారిన పడ్డవాళ్లను సర్కారు పుట్టుదొంగలు అని రాసుకుంది. ఎరుకలవాళ్లకే ఇంకో పేరైన కొరవల మీద 2001లో మీనా రాధాకృష్ణ రాసిన పుస్తకంలో ఈ కథంతా ఉంది. రైలు రాయచూరు చేరిన 1871లోనే ఉత్తరాదిలో మొదటి నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ పాకింది. అనంతపురం అప్పుడు అందులోనిదే.

ఆ చట్టం కింద వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు పలికించారు. ఊరు దాటాలంటే చీటీ ఉండాలన్నారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలను విడదీసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం కూడా అందులో రాసుకున్నారు. చీరాల, బాపట్ల మధ్య సాల్వేషన్ ఆర్మీ చేతికి ఒక సెటిల్‌మెంటు ఇచ్చి, మద్రాసు ప్రభుత్వ అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అక్కడివాళ్లు చీరాల పొగాకు కంపెనీ పనికి పోయారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇంకోటి నడిపింది.

ఆ స్టూవర్టుపురం పేరు మన సినిమావాళ్లకు సరుకైంది. నాకు ఇది ఎన్నేళ్లుగానో మంట. 1991లో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. ముప్పై ఏళ్లు దాటినా ఆ ఊరంటే మన తెరకు దొంగతనమే. అక్కడ చదువుకొని టీచర్లయినవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు ఏ కథకూ పనికిరారా? ఆ ఊరి పేరు చెప్పుకుంటే ఇల్లు అద్దెకివ్వరేమోనని భయపడే ఆడపిల్ల గురించి ఒక్క నిర్మాతైనా ఆలోచించాడా? మా పత్రికలేం తక్కువ తినలేదు. పెద్ద కులంవాడు బ్యాంకును ముంచితే వాడి పేరు వేస్తాం, కులం వేయం. ఎరుకలవాడు కోడిని ఎత్తుకుపోయాడంటే కులంతో సహా అచ్చేస్తాం. ఈ అలవాటు మానాలని ఈ శీర్షికలో ఇంతకుముందూ రాశాను, మానేదాకా రాస్తాను.

చట్టం రద్దులోనూ ఒక మెలిక ఉంది. 1949లో కేంద్రం వేసిన విచారణ కమిటీకి అధ్యక్షుడు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. చట్టం తీసేయమని ఆ కమిటీ గట్టిగా చెప్పింది, దాని బదులు అలవాటు నేరస్తుల మీద ఒక చట్టం ఉండాలనీ చెప్పింది. మద్రాసు ప్రభుత్వం అంతకుముందే 1947లో పాతదాన్ని రద్దు చేసి, 1948లో అలాంటి చట్టం తెచ్చేసింది. 1962లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం తాను చేసుకుంది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్నిబట్టి పని పంచే నియమాలను కొట్టేసింది, ఆ పాత చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతులవాళ్లను ఇష్టమొచ్చినట్టు పట్టుకుపోవద్దని పోలీసులకు చెప్పింది. సుకన్య శాంత అనే పాత్రికేయురాలు వేసిన కేసు అది. అందులో తప్పుబట్టిన జైలు నియమావళుల్లో మన రాష్ట్రానిదీ ఉంది. ఆ తీర్పు ప్రతి ఒకటి ప్రతి స్టేషన్లో గోడకు అంటించి ఉంటే, ఆ జీపు ఎరుకల వీధికి పోయేముందు కాస్త ఆగేదేమో.

పిల్లలను విడదీసింది మన దగ్గరే కాదు. ఆస్ట్రేలియాలోనూ ఆదివాసీల పిల్లలను తల్లుల దగ్గర నుంచి లాక్కుపోయారు. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో లేచి క్షమాపణ చెప్పాడు. దాంతో అన్నీ చక్కబడలేదు. 2023లో పార్లమెంటుకు సలహా చెప్పే ఒక గొంతు వాళ్లకు ఇద్దామని ఓటింగు పెడితే జనం వద్దన్నారు. అయినా అక్కడ సభ మొదలుపెడితే ఈ నేల మొదట ఎవరిదో చెప్పి మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది. మెల్బోర్న్‌లో బడికి పోయే మన తెలుగు పిల్లలు ఆ మాటలు విని పెరుగుతున్నారు. సెలవులకు తాతగారి ఊరొచ్చి, ఊరి చివర వీధిలో ఉన్నదెవరని అడిగితే వాళ్లకేం చెబుతాం? హాజరు పలికించినందుకు, పిల్లలను విడదీసినందుకు మన చట్టసభలో కూడా ఒకరు లేచి క్షమాపణ చెప్పాలి. తెల్లవాళ్లు చేసిన చట్టమని తప్పించుకోవడానికి లేదు, ఆ హాజరు పట్టీ రాసింది మన ఊరి మునసబులూ మన పోలీసులే.

డబ్బు సంగతికొస్తే, 2022లో విముక్త, సంచార జాతుల కోసం కేంద్రం సీడ్ అనే పథకం పెట్టి ఐదేళ్లకు 200 కోట్లు అంది. దేశంలో కోట్లమంది ఉన్న జనానికి ఏటా 40 కోట్లు. మన ఎరుకలవాళ్లయితే ఎస్టీ జాబితాలో ఉన్నారు.

ఎస్టీలయినందుకు దక్కిందేమిటో, వాళ్లలాగే ఎస్టీలైన సుగాలీల తండాలను చూస్తే తెలుస్తుంది. 2011 లెక్కల్లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో గిరిజనులు లక్షన్నర, నూటికి నలుగురు కూడా కాదు. వాళ్లలో ఎక్కువమంది సుగాలీలే. రాయలసీమలో ఒక్క ఊరు కూడా షెడ్యూల్డు ప్రాంతం కాదు. అందుకని గిరిజనేతరులకు భూమి పోకుండా ఆపే 1/70 చట్టం మనకు లేదు, గిరిజనుల భూమిని ప్రైవేటు గనులకు ఇవ్వొద్దన్న 1997 సమత తీర్పూ మనకు లేదు, గ్రామసభకు హక్కులిచ్చే 1996 పెసా చట్టం అంతకన్నా లేదు. ఉన్నదల్లా సర్కారు భూమికి ఇచ్చిన డీకేటీ పట్టా. 1977 చట్టం దాన్ని అమ్మకుండా కాపాడింది. 2023లో సవరణ చేసి, ఇచ్చి 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. తర్వాతి ప్రభుత్వం అక్రమాలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లు నిలిపింది. ఇవాళ నిలిపింది రేపు వదలదని నమ్మకమేముంది? యాడికి, తాడిపత్రి చుట్టూ నేలంతా సున్నపురాయి, పైన సిమెంటు ఫ్యాక్టరీలు. శనగ చేను మూడేళ్లు వరసగా ఎండి అప్పు తలమీద ఉన్న సుగాలి రైతు, కొనేవాడు ముందు నిలబడితే ఎంతకాలం వద్దంటాడు?

పెసా వర్తించకపోయినా గ్రామసభను అడగొద్దని ఏ చట్టమూ చెప్పలేదు. ఈ మండలాల్లో తండా పొలిమేరలో గనికి లీజు ఇచ్చేముందు అక్కడే సభ పెట్టి, వాళ్ల మాట రాతలో తీసుకొమ్మని మన జిల్లా ఎమ్మెల్యేలు వచ్చే అసెంబ్లీ సమావేశాల్లోనే అడగాలి.