ఛాయాచిత్రం గీటురాయి కాదు

పాత రాగి నాణెం ఏ స్థాయిదో, దాని రంగు సహజమో కాదో ఛాయాచిత్రం చూసి తేల్చవచ్చునన్న విశ్వాసం నాణేల సేకర్తలలో నానాటికీ బలపడుతున్నది. బొమ్మ చూసి తీర్పు చెప్పేవారున్నారు. ఆ తీర్పును నమ్మి వెల కట్టేవారూ ఉన్నారు. ఈ పద్ధతి అశాస్త్రీయం. వెండి బంగారాల మాట ఎలా ఉన్నా, రాగికి మాత్రం ఇది హాని కూడా చేస్తున్నది.

ఈ మాట చెప్పడానికి కోల్‌కతాను మించిన చోటు లేదు. 1819లో కలకత్తా టంకశాలలో లోహపరీక్షకుడి సహాయకుడుగా చేరిన జేమ్స్ ప్రిన్సెప్, 1832లో ఆ శాఖకే అధిపతి అయ్యారు. 1837లో బ్రాహ్మీ లిపి రహస్యాన్ని ఛేదించారు. దేశం నలుమూలల నుంచి తనకు అందిన శాసనాల ప్రతులను, నాణేల చిత్రాలను ముందుంచుకుని ఆయన అక్షరాలు చదివారు. అంటే ప్రతిరూపంతో పని సాధించినవారే. కాని అదే వ్యక్తి టంకశాలలో లోహాన్ని పరీక్షించవలసి వచ్చినప్పుడు బొమ్మను ఆశ్రయించలేదు; త్రాసును, మూసను, నిప్పును ఆశ్రయించారు. అక్షరానికి ప్రతిరూపం చాలు, లోహానికి చాలదు. ఈ భేదం ఆనాడే స్పష్టమైనది. మనమే దాన్ని మరచిపోయాం.

కలకత్తా టంకశాల ముద్రించిన పావు అణానే తీసుకుందాం. 1835 నాటి కంపెనీ పావు అణా 100 గ్రెయిన్ల బరువున్న స్వచ్ఛమైన రాగి. ఏడవ ఎడ్వర్డ్ కాలంలో, 1906లో, ప్రభుత్వం రాగిని విడిచి కంచుకు మారింది. బరువు 75 గ్రెయిన్లకు తగ్గింది. అందువల్ల 1906 సంవత్సరం వేసిన పావు అణాలు రాగిలోనూ ఉన్నాయి, కంచులోనూ ఉన్నాయి. రెండింటి వ్యాసం దాదాపు ఒకటే, లేఖనం ఒకటే. నూరేళ్లకు పైగా గాలి తగిలి రెండూ గోధుమవన్నెకు తిరిగాయి. ఎంత మంచి ఛాయాచిత్రమైనా ఇది రాగి, ఇది కంచు అని నిశ్చయంగా చెప్పలేదు. కంసాలి త్రాసు క్షణంలో చెబుతుంది. ఏ లోహమో చెప్పలేని బొమ్మ, ఆ లోహపు రంగు అసలుదో కాదో చెబుతుందని నమ్మడం ఎట్లా?

స్థాయిని అంకెలలో చెప్పే పద్ధతికి మూలపురుషుడు విలియం షెల్డన్ అనే అమెరికన్. ఆ దేశపు పాత రాగి సెంట్ల కోసం 1949లో ఆయన 1 నుంచి 70 వరకు ఒక కొలమానం ప్రకటించారు. తరువాత వచ్చిన వాణిజ్య సంస్థలు దానికి ఎరుపు, ఎరుపు గోధుమ, గోధుమ అని రంగుల తరగతులు జోడించాయి. ఎరుపు మిగిలిన కొద్దీ ధర పెరుగుతుంది. అనర్థమంతా ఇక్కడ మొదలైంది. ఇత్తడి, రాగి బిందెలను చింతపండుతో తోమడం తెలియని తెలుగు ఇల్లు లేదు. అదే చింతపండుతో నాణేన్ని తోమితే పులుపు పైపొరను కరిగిస్తుంది, లోపలి లోహం గులాబివన్నెగా బయటపడుతుంది. చేతిలో ఉంచుకుని అటూ ఇటూ వాల్చి చూస్తే మోసం దొరికిపోతుంది: టంకశాల నుంచి కొత్తగా వచ్చిన నాణెం మీద మెరుపు చక్రపు ఆకుల్లా కదులుతుంది, తోమిన నాణెం మీద అది నిర్జీవంగా పడి ఉంటుంది. నిశ్చలమైన బొమ్మలో కదలిక ఎక్కడిది? పైగా పసుపు దీపం కింద తీసిన చిత్రంలో ముదురు గోధుమ నాణెం కూడా ఎర్రబారుతుంది. కొనేవాడు బొమ్మలో ఎరుపు కోరుతున్నాడు కనుక అమ్మేవాడు తోముతున్నాడు. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు; దాన్ని అంట్లలా తోమడం ఏ సంస్కారమో!

అరుగుదల సంగతీ ఇంతే. ముద్ర సరిగా పడకపోయినా, చేతులు మారి అరిగినా చిత్రంలో ఒకేలా కనిపిస్తుంది. మద్రాసు రాజధాని కోసం 1808లో ఇంగ్లండులో ముద్రించిన పది, ఇరవై కాసుల రాగి నాణేలతో బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ నౌక 1809 జనవరిలో గుడ్విన్ ఇసుకతిన్నెల వద్ద మునిగిపోయింది. మన తాతముత్తాతల మొలలో, కొంగుముడిలో ఉండవలసిన ఆ కాసులు 1985లో పెద్దఎత్తున బయటపడ్డాయి. వాటిలో ఉప్పునీరు తిన్నవాటిని బొమ్మలో చూస్తే వందచోట్ల బేరాలాడి అరిగిపోయాయనిపిస్తుంది. నిజానికి అవి ఒక్క సంతకూ వెళ్లలేదు.

చిలుము మరింత ప్రమాదకరం. గట్టిగా అంటుకున్న పచ్చని పొర నాణేనికి ఒక విధంగా రక్ష. క్లోరైడు లవణాల వల్ల పుట్టే పాలిపోయిన పచ్చని పొడి మాత్రం రోగం. గంగాతీరపు తేమలో అది లోహాన్ని లోపలి నుంచి తినివేస్తుంది. సూదిమొనతో తాకితే ఏది పొరో ఏది పొడో తెలుస్తుంది. బొమ్మలో రెండూ పచ్చదనమే.

అందరూ చౌరంగీలోని ఇండియన్ మ్యూజియానికి వచ్చి నాణెం చేతబట్టలేరు గదా అంటారు. నిజమే. మారుమూల పల్లె విద్యార్థికి చిత్రం మహోపకారి. 'జతన్' వంటి సాఫ్ట్‌వేర్‌తో మ్యూజియాల సంపదను చిత్రబద్ధం చేయడం అభినందించదగిన కృషి. నా ఆక్షేపణ చిత్రం మీద కాదు, దానితో చెప్పించే సాక్ష్యం మీద. వెనుకటి తరం నాణేల సూచికలలో తరచుగా నాణేనికి బదులు దాని ప్లాస్టర్ అచ్చును ఫోటో తీసి వేసేవారు. ఆ తెల్లని అచ్చులో ఆకారం ఉండేది, అక్షరం ఉండేది. రంగు ఊసే లేదు గనుక ఎవరినీ మోసగించలేదు. నేటి రంగుల చిత్రానికి ఆ నిజాయితీ కావాలంటే ప్రతి నాణేనికీ బరువు, వ్యాసం రాయాలి. ఏటవాలు వెలుతురులో రెండు మూడు కోణాల నుంచి చిత్రం తీయాలి. పక్కనే ప్రామాణిక వర్ణపట్టిక ఉంచాలి. ఎప్పుడు, దేనితో శుభ్రం చేశారో నమోదు చేయాలి. స్థాయి, రంగు అనే గడులను నాణేన్ని చేత్తో పట్టి చూసిన వ్యక్తి మాత్రమే, తన సంతకంతో, తేదీతో పూరించాలి. అట్టి పరీక్ష జరగనంతకాలం ఆ రెండు గడులూ ఖాళీగానే ఉండనివ్వాలి.