రేసుగుర్రాన్ని సీమకు తెచ్చేముందు

పందేల నుంచి తప్పుకున్న థరోబ్రెడ్ గుర్రాన్ని తెచ్చి కర్నూలు, కడప పల్లెల్లో మందలు తోలించవచ్చన్న మాట వినడానికి బాగుంటుంది. ఆ జాతికి ఆ పని చేతకాదని నేననను. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యమే థరోబ్రెడ్ మగగుర్రాలను పల్లెలకు పంపి, రైతుల ఆడగుర్రాలతో దాటించింది. పుట్టిన పిల్లలు సైన్యానికీ, ఆవుల మందలకూ పనికొచ్చాయి. ఆస్ట్రేలియా 'వేలర్' గుర్రాల్లోనూ థరోబ్రెడ్ రక్తముంది. అవి ఓడలెక్కి మద్రాసు రేవులో దిగి మన దేశపు సైన్యంలో చేరేవి.

ఆ దేశాల్లో వేల ఎకరాల్లో చెదిరి మేసే ఆవులను కూడేయాలంటే గుర్రం కావాలి. మనకు మందంటే గొర్రెలు. కాపరికి భుజాన గొంగడి, చేతిలో కర్ర, వెంట కుక్క. మేత దొరికే దిక్కుకు రోజుల తరబడి నడుస్తాడు, రాత్రికి రైతు చేలో మంద కడతాడు. గొర్రె నడకే అతని నడక. కుంటుతున్న పిల్లను చంకనెత్తుకోవాలన్నా, తుమ్మకొమ్మ వంచి కాయలు రాల్చాలన్నా కాళ్ళు నేలమీద ఉండాల్సిందే. సీమలో గుర్రం ఎప్పుడూ ఏలేవాళ్ళదే. 1800లో దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గుర్రమెక్కి ఊరూరూ తిరిగాడు. ఆయన శిస్తు కట్టించుకున్న కాపరులు మాత్రం నడిచే బతికారు.

పోషణ మాటేమిటి? ఐదువందల కిలోల గుర్రం ఎండాకాలంలో రోజుకు 40 లీటర్లకు పైగా నీళ్ళు తాగుతుంది. పది కిలోల మేత తింటుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. వానకు తడిసి బూజుపట్టిన శెనక్కాయ కట్టె వేస్తే కడుపునొప్పితో చచ్చిపోవచ్చు. ఎద్దులకు లాడాలు కొట్టేవాళ్ళు మనకున్నారు గానీ, ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, గుర్రానిది ఒకటే డెక్క. థరోబ్రెడ్ డెక్క మరీ పలచన. గరుగు నేలలో అది తొందరగా దెబ్బతింటుంది. దాన్ని చెక్కడం తెలిసినవాళ్ళు మలక్‌పేట, బెంగళూరు రేసుకోర్సుల దగ్గర దొరుకుతారు.

రెండేళ్ళకే పందెంలోకి దిగే ఈ జీవి పాతికేళ్ళు బతకగలదు. పరుగు ఆగాక మిగిలిన బతుకుకు దాన్ని పరుగెత్తించి సంపాదించినవాళ్ళే పూచీ పడాలి. పందెం సొమ్ములో ఒక వాటా రేసు క్లబ్బులు అందుకు తీసిపెట్టాలి. కరువుసీమ మీదికి దాన్ని తోసేయడం అన్యాయం.

ఫామ్‌హౌస్ ముచ్చటకు కొనాలనుకునేవాళ్ళు మే నెలలో మీ బోరులో ఎన్ని నీళ్ళు పడతాయో ముందు చూసుకోండి. ఇప్పటికే తెచ్చుకున్నవాళ్ళు దాన్ని రాళ్ళలో మందల వెంట తిప్పకండి, నీడా మెత్తటి నేలా ఇవ్వండి.