మద్యం దుకాణం ఉండాలో వద్దో ఆ ఊరి ఆడవారిని అడగండి

సాధారణంగా నేను ఇక్కడ మధుమేహం గురించో, రక్తపోటు గురించో, మోకాళ్ల నొప్పుల గురించో వ్రాస్తుంటాను. ఈసారి ఒక చట్టం గురించి వ్రాస్తున్నాను. అది ఇంకా లేని చట్టం. డాక్టరుకు చట్టాలతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతాల ప్రభుత్వ ఆసుపత్రులలో నా ఉద్యోగ జీవితంలో అధికభాగం గడిచింది. అక్కడ నా ఎదుట కూర్చున్న రోగులలో ఎందరికి అసలు వ్యాధి సారాయో, తరువాతి కాలంలో చీప్ లిక్కరో, నేను లెక్క వ్రాసుకోలేదు. వ్రాసుకొని ఉండవలసింది.

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారు తాగుడు గురించి చెప్పుకోవడానికి ఆసుపత్రికి వచ్చేవారు కారు. "చేతులు వణుకుతున్నాయి సార్, నరాల బలహీనతకు సూది వేయండి" అని వచ్చేవారు. మగ్గంపై కొత్త పడుగు ఎక్కించేటప్పుడు వేలాది పోగులను పాత పోగులతో ఒక్కొక్కటిగా అతకాలి. ఉదయం పూట వణికే చేతికి అది సాధ్యం కాదు. ఒక గుక్క తాగితే వణుకు తగ్గుతుంది, పని సాగుతుంది. అందువల్ల ఆ గుక్కనే మందు అనుకొనేవారు. వణుకు కలిగిస్తున్నది ఆ మందే అని ఒప్పించడానికి నాకు ఎన్నో గంటలు పట్టేది. ఒప్పుకొన్నవారు తక్కువ.

వారి భార్యలు వేరే పూట వచ్చేవారు. కనుబొమ్మ మీద గాయం, విరిగిన ముంజేయి. "ఎట్లా తగిలిందమ్మా?" అంటే "జారి పడినాను సార్" అనేవారు. నేను చీటీ మీద జారిపడినట్లే వ్రాసి, కుట్లు వేసి పంపేవాడిని. మెట్లు లేని ఇంట్లో మెట్ల మీద నుంచి పడ్డానన్న ఆమె మాటను కూడా అట్లాగే వ్రాశాను. మహిళా సంఘాలు ఏళ్ల తరబడి పోరాడి సాధించుకొన్న గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చింది. దాని నియమాల ప్రకారం, గాయపడి వచ్చిన స్త్రీ విషయంలో అంతకుముందు ఎవరూ నివేదిక వ్రాయకపోతే, ఆసుపత్రి బాధ్యుడే గృహహింస నివేదికను పూరించి రక్షణాధికారికి పంపాలి. వైద్య నివేదిక నకలును ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. అప్పటికి నా పదవీ విరమణ దగ్గరపడింది. ఆ మిగిలిన కాలంలో నేను పూరించిన అటువంటి నివేదికలు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. ఈ లోపం నాది. ఇతరుల లోపాల గురించి వ్రాసే ముందు దీనిని చెప్పుకోవడం న్యాయమనిపించింది.

ఇక సారా సంగతి. యాభై ఏళ్లు దాటిన పాఠకులకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ప్రభుత్వమే 'వారుణి వాహిని' అనే పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చేది. తాగునీరు చేరని పల్లెకు కూడా ప్యాకెట్టు చేరేది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. రాత్రిబడులలో చదువుకొన్న వాచకాలలో తాగుడు వల్ల చితికిపోయిన సంసారం కథ కూడా ఒక పాఠం. ఆ పాఠం చదివిన స్త్రీలకు అది తమ ఇంటి కథే అని తెలియడానికి ఎవరి వివరణా అవసరం లేకపోయింది. 1992లో దూబగుంట ఆడవారు తమ ఊరిలో సారా దుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మారుమ్రోగింది. నెల్లూరులో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. ఉద్యమం రాయలసీమకూ పాకింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే ఏడాది అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది. అక్షరాలు కూడబలుక్కొని చదివే స్త్రీలు, వందల కోట్ల ఆబ్కారీ ఆదాయాన్ని వదులుకొనేటట్లు ఒక ప్రభుత్వాన్ని ఒప్పించారు. మన చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

ఆ అక్టోబరు నెలలోనే నాకు ఎదురైన ఒక సంఘటన చెబుతాను. అప్పుడు నేను పనిచేస్తున్న ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. నలభై ఏళ్ల కూలీని మంచానికి త్రాళ్లతో కట్టి తీసుకొని వచ్చారు. గోడ మీద లేని పురుగులను చేతితో దులుపుతున్నాడు, ఒళ్లంతా చెమట. గాలి సోకిందని మొదట ఎక్కడికో మంత్రానికి తీసుకువెళ్లారు. రెండు రోజులు అక్కడే గడిచిపోయాయి. దారిలో రెండుసార్లు మూర్ఛ వచ్చింది. ఏళ్ల తరబడి రోజూ తాగి, ఒక్కసారిగా ఆపినవారికి వచ్చే సన్నిపాతం అది. మా వద్ద థయామిన్ ఇంజెక్షన్లు లేవు. మత్తుమందు కొద్దిగా ఉంది. నాకూ ఆ చికిత్సలో అనుభవం అంతంత మాత్రమే. మరునాడు తెల్లవారుజామున ప్రాణం పోయింది.

అతని భార్య ఏడవలేదు. వరండాలో నన్ను నిలబెట్టి ఒకే ఒక్క మాట అడిగింది. "మేము అంగడి మూయిస్తిమి గదా సారూ, దానికేనా ఆయప్ప పోయింది?"

ఆ ఊరి దుకాణం ముందు నెలల తరబడి కూర్చున్న ఆడవారిలో ఆమె ఒకరట. నేను "కాదమ్మా" అన్నాను. అంతకుమించి ఏమీ చెప్పలేకపోయాను. ఆమె అడిగింది దుకాణం మూయమని మాత్రమే. మూసిన తరువాత తాగుడుకు బానిసలైనవారు ఏమవుతారో ఆలోచించి, పడకలు, మందులు, వైద్యులకు శిక్షణ సిద్ధం చేయవలసింది ప్రభుత్వం, మావంటి వైద్యులం. మేము సిద్ధంగా లేము. ముప్పై ఏళ్లు దాటినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ వ్యాసానికి కారణం కూడా అదే.

తరువాతి కథ మీకు తెలిసినదే. 1994 డిసెంబరు 12న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎన్.టి.రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధంపై సంతకం చేశారు. 1995 జనవరి 16 నుండి అది అమలయింది, శాసనసభ చట్టమూ చేసింది. 1997లో సడలిపోయింది. ఆదాయం పడిపోయిందన్నారు, దొంగసరుకు ఆగడం లేదన్నారు. రెండూ నిజమే. హిందూపురంలో ఉన్నవారికి రెండవదాని గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. మనకు మూడు వైపులా కర్ణాటకే. అక్కడ సారా 2007 జూలై వరకు చట్టబద్ధంగా అమ్మారు. ఇక్కడి నిషేధం సరిహద్దు రాయి వద్ద ఆగిపోయేది. సాయంత్రం గౌరిబిదనూరు వైపు వెళ్లివచ్చిన వారిలో కొందరు రాత్రికి మా వద్దకు వచ్చేవారు, రోడ్డు ప్రమాదం కేసులుగా. సారా మాత్రం మన రాష్ట్రంలో మళ్లీ చట్టబద్ధం కాలేదు. దాని స్థానంలోకి క్వార్టరు సీసా వచ్చి కూర్చున్నది.

అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడి క్రైస్తవ మహిళా సంఘాలు 1870ల నుండి పోరాడి, ఇతరులతో కలసి, రాజ్యాంగ సవరణనే సాధించాయి. 1920లో అమలులోకి వచ్చిన మద్యనిషేధం 1933లో రద్దయింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఆడవారి ఉద్యమం వల్ల 2015లో వచ్చిన నిషేధం 2021లో ఎత్తివేశారు. పైనుండి ఒక్క సంతకంతో వచ్చినదానిని మరొక సంతకంతో తీసివేయడం తేలిక. అందుచేత నేను సంపూర్ణ మద్యనిషేధం కోరడం మానుకొన్నాను. ఒకప్పుడు గట్టిగా కోరినవాడినే.

ఇప్పుడు నేను కోరుతున్నది వేరు. అదే మహారాష్ట్రలో మరొక ఏర్పాటు కూడా ఉంది. ఒక గ్రామంలోనో, పట్టణపు వార్డులోనో మద్యం దుకాణాన్ని మూసివేయాలని నిర్ణీత సంఖ్యలో స్త్రీలు దరఖాస్తు చేస్తే, రహస్య బ్యాలెట్ పెడతారు. మొత్తం మహిళా ఓటర్లలో సగానికి మించి మూసివేతకు ఓటు వేస్తే దుకాణం మూతపడుతుంది. బ్యాలెట్ మీద రెండు గుర్తులు, నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా. పడుకొన్న సీసాకు ఓటు వేస్తే మూసివేయమని అర్థం. చదువు రాని అవ్వకు కూడా అర్థమయ్యే గుర్తు. మన దేశంలోనే గిరిజన ప్రాంతాలకు 1996లో వచ్చిన పెసా చట్టం, మద్యం విషయంలో గ్రామసభకు అధికారం ఇవ్వాలని చెబుతున్నది. మన సత్యసాయి జిల్లాలోని పల్లెలు షెడ్యూల్డు ప్రాంతాలు కావు గనుక మన గ్రామసభకు ఆ హక్కు లేదు. గిరిజన గూడేనికి తగిన హక్కు కొడికొండకో, లేపాక్షికో ఎందుకు తగదు?

2024 అక్టోబరులో మన రాష్ట్రంలో మద్యం దుకాణాలను లాటరీ పద్ధతిలో ప్రైవేటు వారికి కేటాయించారు. తిరిగి ఇవ్వని దరఖాస్తు రుసుము ఒక్కొక్కదానికి రూ.2 లక్షలు. ఆ రుసుముల ద్వారానే దాదాపు రూ.1,800 కోట్లు వచ్చింది. అంతకుముందు ప్రభుత్వం తానే దుకాణాలు నడిపింది. పార్టీలను పోల్చడం నా పని కాదు. ఏ విధానంలోనూ దుకాణం ప్రక్కన నివసించే స్త్రీని ఎవరూ అడగలేదన్నది మాత్రమే నా ఫిర్యాదు. బడికి, గుడికి ఎంత దూరం ఉండాలో నిబంధనలున్నాయి. జాతీయ రహదారికి ఎంత దూరం ఉండాలో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. పెనుకొండ మీదుగా వెళ్లే లారీ డ్రైవరు క్షేమం కోసం మీటర్లు కొలిచాము. పెనుకొండలో కాపురం చేస్తున్న ఆమె ఇంటికి ఎంత దూరమో ఎవరూ కొలవలేదు.

ఈ చట్టం అడగవలసినవారు ఎవరు? మన ఊళ్లలోనే ఉన్నారు. డ్వాక్రా సంఘాలు, గ్రామ సమాఖ్యలు, వాటిపై మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. 1992లో నెల్లూరు ఆడవారికి ఇంతటి నిర్మాణం లేదు, రాత్రిబడి పలక మాత్రమే ఉంది. ఇప్పుడు లక్షలాదిమంది నెలనెలా కూర్చుంటున్నారు. కూర్చొని ఏమి మాట్లాడుతున్నారని మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని అడిగాను. "కంతు ఎవరు కట్టినారు, ఎవరు కట్టలేదు, అంతే సార్" అన్నది. అప్పు అవసరమే, కాదనను. ఆ అప్పుతో గేదెలు కొన్నవారు, పిల్లలను ఇంజనీరింగ్ చదివించినవారు నాకు తెలుసు. అయితే సంఘం అప్పు తెచ్చిన రోజు సాయంత్రమే దానిలో ఎంత భాగం సీసాగా మారుతున్నదో ఆ సమావేశం అడగకూడదా? అధికారులు పిలిచిన సభకు బస్సులెక్కి వెళ్లే సంఘాలు, తమకు కావలసిన చట్టం అడగడానికి ఒక్క తీర్మానం వ్రాయలేవా?

అభ్యంతరాలు నాకు తెలుసు. ఒక ఊరిలో మూస్తే ప్రక్క ఊరికి పోతారు, లేదా బెల్టు షాపు పుట్టుకొస్తుంది. నిజమే. హిందూపురం వంటి సరిహద్దు ఊరిలో ఇంకా తేలిక. తాగేవాడు అందరూ మానరు. కానీ ఇంటికి రెండు వందల గజాలలో ఉన్నదానికి, పది కిలోమీటర్ల అవతల ఉన్నదానికి తేడా ఉంది. కూలి డబ్బు ఇల్లు చేరేలోపు దారిలో దుకాణం ఎదురవకపోతే కొన్ని రోజులైనా ఆ డబ్బు ఇల్లు చేరుతుంది. మగవారికి ఓటు ఎందుకు ఉండకూడదని నా స్నేహితుడు, విశ్రాంత తహసీల్దారు, కోప్పడ్డాడు. 2019లో కేంద్రం ప్రకటించిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మనదేశంలో మద్యం సేవించేవారు పురుషులలో 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. తాగనివారి అభిప్రాయం ఎక్కడ దొరుకుతుందో ఆ లెక్కే చెబుతున్నది. ఓటుకు సీసా పంచే ఊరిలో మూసివేతకు వ్యతిరేకంగా కూడా డబ్బు పంచుతారన్నది మూడవ అభ్యంతరం. దీనికి నా వద్ద పూర్తి సమాధానం లేదు. రహస్య బ్యాలెట్ కొంతవరకే కాపాడుతుంది.

ఆ చట్టంలో ఒక సెక్షను మాత్రం తప్పకుండా ఉండాలని నేను వైద్యుడిగా పట్టుబడతాను. దుకాణం మూసే తేదీకి ముందే ఆ మండలపు ఆసుపత్రిలో మత్తు విడుపు చికిత్సకు పడకలు, థయామిన్, అవసరమైన మత్తుమందులు, శిక్షణ పొందిన నర్సు ఉండాలి. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే ఆరు నుండి ఎనిమిది గంటలలో వణుకు, చెమట మొదలవుతాయి. మొదటి రెండు రోజులలో మూర్ఛ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య మతిభ్రమ రావచ్చు. అది దయ్యం కాదు. ఆసుపత్రికి తీసుకురావలసిన అత్యవసర స్థితి. సకాలంలో వైద్యం అందితే అత్యధికులు బ్రతుకుతారు. ఇంట్లో వారికి తెలియకుండా అన్నంలోనో సాంబారులోనో కలిపే 'తాగుడు మాన్పించే మందు' జోలికి దయచేసి పోవద్దు. ఆ మందు కడుపులో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. సలహా కోసం 14446 అనే ఉచిత నంబరు ఉంది. ఇంట్లో దెబ్బలు తింటున్నవారికి 181 ఉంది.

మీ సంఘం తీర్మానం వ్రాయాలనుకొంటే వైద్యానికి సంబంధించిన భాగం నేను వ్రాసిపెడతాను. హిందూపురంలోనే ఉంటున్నాను, ఆదివారం తప్ప ఉదయం పది నుండి పన్నెండు వరకు ఇంట్లోనే ఉంటాను. కాగితం, కలం తెచ్చుకోండి. సంతకాలు మాత్రం మీవే ఉండాలి.